అరవై గుర్రాలు, ముప్పై గుర్రాలు, ఒక మామిడి పలక

చిత్తూరు కాపురస్తుడు, లారీ మెకానిక్కు ప్రేమానందం అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన మరణశాసనం. బుద్ధి నిలకడ అన్న మాట నా భార్య గ్రేసమ్మ ఒప్పుకోదు. ఆమెను అడగవద్దు.

1. ఇల్లు, షెడ్డు, పనిముట్లు గ్రేసమ్మకు. ఇందులో చెల్లకుండా పోయిన వాటా ఏదైనా ఉంటే అదీ ఆమెకే.

2. మిలిటరీ వేలంలో కొన్న అరవై గుర్రాల బలమున్న కారు ఇంజను పాత ఇనుముకు. పోయినేడు దాన్ని పడవలో బిగించి, వెనక తాడు కట్టించి, మామిడి పలక మీద నీళ్లపై నిలబడి పోదామని రాయలచెరువులో దిగాను. దొరలు అట్లా ఆడతారని విన్నాను. అబ్బో, ఏమి అరుపు! ఏమి పొగ! చెరువులో కొంగలన్నీ లేచాయి, నేను మాత్రం లేవలేదు. చెయ్యి విరిగి, పుత్తూరు కట్టుతో నలభై రోజులు కూర్చున్నాను.

3. నా బావమరిది దేవసహాయం ముందే మొత్తుకున్నాడు: "బావా, గుర్రాల లెక్క పరుగుకి. మునిగినోణ్ణి పైకి లేపాలంటే మొదట్లోనే లాగుడు ఉండాల. మెల్లగా తిరిగేటప్పుడు నీ ఇంజన్లో లాగుడు యాడుండాది?" నేను వినలేదు. పైగా పడవ కింద నీళ్లను తోసే ఫంకాను బిగించిన వాడే దాన్ని వంకరగా బిగించాడని ఊరంతా చాటాను. వాడి షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. అప్పుడు వాడు అదే ఫంకాకు నా షెడ్డులో మూలన పడిన ముప్పై గుర్రాల లారీ ఇంజను తగిలించాడు. గ్రేసమ్మ చీర గోచీ పోసి, పలక ఎక్కి, చెరువంతా చుట్టి, గట్టున ఉన్న నాకు చెయ్యి ఊపింది! ఆడమనిషి తేలిక అన్నాను. ఆమె నాకంటే బరువు.

4. ఫంకా సరిగానే ఉండింది. నేను అబద్ధమాడాను. ఏడాదిగా వాడితో మాటల్లేక ప్రాణం ఉసూరుమంటున్నది. పడవ, లారీ ఇంజను, పలక దేవసహాయానికి.

5. వాటా పొందేవాడు సాక్షి సంతకం చేస్తే వాటా చెల్లదని లేఖరి మునిరామయ్య హెచ్చరించాడు. కనుక దేవసహాయాన్ని పిలిపించింది వినడానికే. రెండో సాక్షిగా పక్కింటి కుప్పుస్వామి వస్తాడు.

చిత్తూరు, 1948 డిసెంబరు 4.
(సంతకం) ప్రేమానందం

సాక్షులు:
1. మునిరామయ్య, లేఖరి.
2. దేవసహాయం. పడవ అక్కకు పోతే పోనీ బావా, నాలుగో మాటకు సాక్షిని నేనే. రేపు ఆరాధన అయినాక చెరువుకాడికి రా. ఈసారి నిన్ను లేపుతా.