చేపల మాట ఎవరిది?

కొండాపూర్,
శనివారం.

అక్కకి నమస్కారాలతో పద్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? ఫోన్‌లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టు.

ఇక్కడ వాన పడితే రోడ్డే చెరువు. ఆఫీసు పక్క వీధిలోనే ఉన్నా మా ఆయన ఇల్లు చేరడానికి గంట. గోంగూర దొరుకుతుంది గానీ పులుపే ఉండదు. వచ్చిన రెండేళ్ళలో ఈ ఊళ్ళో నాకూ మనుషులున్నారనిపించింది మన బుర్రకథ వల్లే. కథ చెప్పేది నేను, హాస్యం వంత సుజాత, ఊరి సంగతులు ఎత్తిపొడిచే రాజకీయం వంత నర్సమ్మ. నర్సమ్మ కోకాపేటలో పుట్టిన మనిషి, నిజాంపేటలో హాస్టల్ పిల్లలకు వంట చేస్తుంది. కోకాపేటలో కొత్తగా వచ్చిన కళాకేంద్రం వాళ్ళు మాకు నెలకో కథ చెప్పే అవకాశం ఇచ్చేవారు.

పోయిన నెల కథ మధ్యలో నర్సమ్మ గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, "చెరువు పూడ్చి మేడ కట్టిండ్రు, మేడకు చెరువు పేరే పెట్టిండ్రు. మరి అడ్రసు మారిందని చేపలకెవరు చెప్పాలె?" అంది. జనం పడీపడీ నవ్వారు. ఎవరో ఫోన్‌లో తీసి ఊరంతా పంచారు. కేంద్రానికి విరాళాలిచ్చే బిల్డర్లకూ, ఫ్లాట్లు కొన్నవాళ్ళకూ మండింది. నాలుగు రోజుల్లో, నర్సమ్మతో తమకిక ఏ సంబంధమూ లేదని కేంద్రం వాళ్ళు ప్రకటించారు. మా ఇద్దరినీ మాత్రం రమ్మన్నారు.

అక్కా, ఆ చేపల మాట రాసింది నేను. నర్సమ్మకు నేర్పిందీ నేనే. "ఇది ఆవిడ సొంత పైత్యమేనాండీ?" అని కేంద్రం డైరెక్టరు గారు అడిగితే నేల చూపులు చూశాను. వంత ఏమన్నా పూచీ కథ చెప్పేవాళ్ళదేనని, నా భుజాన తంబూర పెట్టిన రోజున నువ్వు చెప్పావు. గుర్తుంది. అయినా, కేంద్రం పోతే నాకు మళ్ళీ ఆ నాలుగు గోడలే కదా అని భయం.

మొన్నటి కథకు కొత్త అమ్మాయిని పెట్టారు. రాజకీయం చెప్పాల్సిన చోట ఆ పిల్ల దాతలకు ధన్యవాదాలు చెప్పింది. చప్పట్లు కూడా కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. మర్నాడే వెళ్ళి, ఆ మాట నాదని డైరెక్టరు గారికి చెప్పేశాను.

"ఎవరిదైతే ఏముందండీ? ఒకళ్ళని తీసేశాం, గొడవ సద్దుమణిగింది. మీరు మళ్ళీ కెలక్కండి" అన్నారు, టీ ఇప్పించి మరీ. మనిషి చెడ్డవాడు కాడు. నేనిక రానని చెప్పి వచ్చేశాను.

అటునుంచటే నర్సమ్మ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ పప్పుకు తిరగమోత వేస్తూనే, "జర ఊకో పద్మా. నీ పేరు నేను చెప్పలేకనా? నన్ను తీసేస్తే ఒక వంత పోతది. నిన్ను తీసేస్తే కథనే పోతది గదా" అంది. ఆవిడ కథ కోసం నోరు మూసుకుంది. నేను నా కోసం మూసుకున్నాను.

రేపు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో సుజాతతో కలిపి ముగ్గురం కథ చెబుతున్నాం. కార్లు పక్కకు తీయడానికి నలుగురే ఒప్పుకున్నారు, ఉన్న చోటు చాల్లే. చేపల మాట నర్సమ్మే అంటుంది. అనగానే తంబూర ఆపి, ఆ మాట ఎవరిదో నేను చెబుతాను.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. కథలో తాళం వేసే నీ వేలి అందెలు నాకే ఇస్తానని ఎప్పటినుంచో అంటున్నావు. ఇదంతా చదివాక కూడా ఇవ్వాలనిపిస్తేనే పంపు.

నీ చెల్లెలు,
పద్మ