పైకప్పు కదిలితే

1984 నవంబరు 10, శనివారం

ఇవాళ ఒకడి ముక్కు పగలగొట్టాను. ఆట మొదలై ఇంకా ఒంటికి చెమట పట్టలేదు. బంతి గాల్లో ఉంది, వాడి కళ్లు బంతి మీద ఉన్నాయి, నా మోచెయ్యి వాడి మొహం మీద ఉంది. రెఫరీ ఈల వేసి, వేలు ఊపి, అంతటితో వదిలేశాడు. నాలుగో డివిజన్‌లో మొదటి దెబ్బకు రెఫరీ పేరు రాసుకోడు. ఏ పుస్తకంలోనూ రాయని రూలు అది. నాకు నేర్పింది వాల్టర్ స్పింక్, మా కెప్టెన్. మా గోలుకి ముందు, సెంటర్ హాఫ్‌లో ఆయనా నేనూ పక్కపక్కన ఆడతాం. మొదటి దెబ్బ నువ్వు వెయ్యకపోతే వాడు వేస్తాడురా అబ్బాయ్, తర్వాత ఏడ్చి లాభం లేదు, అంటాడు.

స్కార్బెక్ టౌన్ ఒకటి, వాళ్లు సున్నా. ముక్కులో దూది కుక్కుకుని వాడు వెళ్తూ వెళ్తూ మా అమ్మను తలుచుకున్నాడు. మా అమ్మకు చెబుతాలే, సమ్మెవాళ్లతో పాటు నీకూ సూపు పోస్తుంది, అన్నాను.

వెనక నలుగురం ఒకే గీతలో నిలబడతాం. వాల్టర్ ముందుకు అని అరిస్తే నలుగురం ఒక్క అడుగుగా ముందుకొస్తాం. వాళ్ల ఫార్వర్డ్ మా వెనక ఆఫ్‌సైడ్‌లో, బంతి అందినా చెల్లకుండా, పెళ్లికి పిలవని చుట్టంలా మిగిలిపోతాడు. ఒక్కడు బద్ధకించాడా, గోలే. గని కార్మికుల యూనియన్ హాలు బయట బల్ల మీద దొరికిన కరపత్రంలోనూ ఇదే ఉంది. వరుసలో ఒక్కడు వెనకడుగు వేస్తే ఓడేది వరుస మొత్తం. వాల్టర్‌కి చదివి వినిపించాను. కరపత్రాలు హెడర్లు కొట్టవు, నువ్వు ముందు నోరు తెరిచి అరవడం నేర్చుకో, అన్నాడు. సెంటర్ హాఫ్‌కి కాళ్ల కంటే నోరు ముఖ్యమట. వెనక మనిషి. నాది. వదిలెయ్. ఈ మూడు మాటలు వేళకు నోట్లోంచి వస్తే కుంటివాడైనా ఆడొచ్చట.

ఆయనకిది ఆఖరి సీజను. ఆట అయ్యాక మోకాలికి ఐసు కట్టుకుని మూల బెంచీ మీద కూర్చుంటాడు. కప్పులొద్దు, దండలొద్దు, ఆఖరి రోజున స్ట్రెచర్ మీద కాకుండా నా కాళ్ల మీద నేను నడిచి మైదానం దాటితే చాలు, అంటాడు.

నవంబరు 12, సోమవారం

తెల్లారేసరికి గని గేటు దగ్గరున్నాను. మార్చి నుంచి సమ్మె. ఇవాళ పోలీసులు గుర్రాలు తెచ్చారు. గుర్రం మీద నుంచి దిగే లాఠీకి ఎంత బలం ఉంటుందో నాన్న తల చూస్తే తెలుస్తుంది. చెవి పైన చీలింది. నేను ఒక పోలీసు హెల్మెట్ లాగి దాంతోనే వాడి పళ్లు రాలగొట్టాను. కార్నరు కిక్కుకి లేచినట్టు లేచాను. దొరకలేదు.

నేను గనిలోకి ఎప్పుడూ దిగలేదు. నాన్న దిగనివ్వలేదు. బంతి తన్నుకో, బొగ్గు మింగేవాడు ఇంటికి ఒక్కడు చాలు, అన్నాడు. అందుకే గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడతాను.

పది గంటలకు ప్రాక్టీసుకి వెళ్తే మా జట్టు మేనేజరు, బాస్, నా పిడికిలి వాపు చూశాడు. పోలీసు వ్యానులో నీ మొహం కనబడిందంటే ఈ గుమ్మం తొక్కకు, అన్నాడు. మీరు జట్టు సంగతి చూసుకోండి, మొహం సంగతి నేను చూసుకుంటాను, అన్నాను. మైదానం చుట్టూ పరుగెత్తించాడు, కక్కేదాకా.

డిసెంబరు 4, మంగళవారం

క్లెమ్ స్పింక్ ఇవాళ సమ్మె వదిలి బస్సెక్కి గనిలోకి పోయాడు. వాల్టర్ తమ్ముడు. కిటికీలకు ఇనుప జాలీ కొట్టిన బస్సు. లోపల తల వంచుకుని మొహానికి మఫ్లరు చుట్టుకున్నాడు. మఫ్లరు చుట్టుకుంటే ఆ చెవులు దాగుతాయా? ఊరంతా గుర్తుపట్టింది.

ఇంతమంది కాలే కడుపులతో తొమ్మిది నెలలు నిలబడ్డారు. వాడు వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

ఇక్కడ అలాంటివాడికి కోర్టు లేదు, జైలు లేదు. ఎవ్వరూ మాట్లాడరు. అంతే. దుకాణంలో, హాల్లో, చర్చిలో. మా తాత కాలపు సమ్మెలో గీత దాటి పనికెళ్లిన ముసలాయన చచ్చేదాకా కుక్కతోనే మాట్లాడాడని అమ్మ చెబుతుంది. సాయంత్రం హాల్లోకి క్లెమ్ పెళ్లాం వచ్చింది, పసిపిల్లను ఎత్తుకుని. సూపు పోస్తున్న అమ్మ గరిటె దించి గోడవైపు తిరిగింది. మిగతావాళ్లూ తిరిగారు. నేనూ తిరిగాను.

డిసెంబరు 6

పెళ్లాం పిల్లతో తన ఇంట్లో చేరిన తమ్ముణ్ణి వాల్టర్ బయటికి పంపలేదు.

డిసెంబరు 8, శనివారం

చేపల దుకాణం ముందు క్లెమ్ కనబడ్డాడు. చేతిలో వేయించిన చేపా బంగాళదుంపలూ కట్టిన కాగితం పొట్లం. నేను వాడితో మాట్లాడలేదు. తలతో కొట్టాను. ముక్కు ఎముక విరగడం నా నుదుటికి తెలిసింది. బంగాళదుంప ముక్కలు వీధంతా చెల్లాచెదురయ్యాయి, వెనిగర్ వాసనలో రక్తం వాసన కలిసింది. దుకాణం ఆమె లోపలి నుంచి, చంపుకుంటే చంపుకోండి నాయనా, నా అద్దానికి దూరంగా చంపుకోండి, అని కేకేసింది. కింద పడ్డవాణ్ణి ఇంకోటి తన్నబోతే ఎవరో వెనక నుంచి నా కాలరు పట్టి పైకెత్తారు. వాల్టర్.

వాడు చేసింది తప్పే, ఆ ముక్క రోజూ వాడి మొహం మీదే అంటున్నాను, అన్నాడు. వాడి ఇంట్లో పొయ్యి వెలగడం లేదు, పిల్లకు దగ్గు, చలిలో పడెయ్యమంటావా, అన్నాడు. ద్రోహికి నీడనిచ్చేవాడూ ద్రోహే, అన్నాను. కరపత్రంలో ఉందా, అన్నాడు. ఉంది, అన్నాను. అయితే వచ్చే శనివారం ఆ కరపత్రాన్నే నీ పక్కన నిలబెట్టుకుని ఆడించు, అని నన్ను వదిలేశాడు.

ఇక ఆయనతో ఒక్క మాట లేదు. వీధిలో లేదు, డ్రెస్సింగ్ రూములో లేదు, మైదానంలోనూ లేదు.

డిసెంబరు 26, బుధవారం

పండగ మర్నాటి ఆట. నాలుగు గోల్స్ తిన్నాం. రెండు సరిగ్గా మా ఇద్దరి మధ్య నుంచే పోయాయి. బంతి వస్తుంది, ఆయన నాది అంటాడు, నేను తప్పుకుంటాను. నేను వెళ్లాల్సి వస్తే మౌనంగా వెళ్తాను, ఆయనకి తెలియదు, గుద్దుకుంటాం. ఒకసారి ఆయన పక్కటెముకల్లో నా మోకాలు దిగింది. లేచి దులుపుకున్నాడు.

ఆయన మాత్రం నా కోసం అరుస్తూనే ఉన్నాడు. వెనక మనిషి, గార్త్, అని నా పేరు పెట్టి. ఆ కేకతోనే ఒక బూటు నా మడమ మీద పడకుండా తప్పింది. విన్నాను. బదులు కేక వెయ్యలేదు.

మా గోల్‌కీపరు బార్నీ తలుపు తన్నుకుంటూ లోపలికొచ్చాడు. మూగ కాపురం చేసుకోవాలంటే ఇంటికి పోయి చేసుకోండి, ఆ ఇంటి గుమ్మంలో నన్ను నిలబెట్టకండి, అన్నాడు. అందరూ నవ్వారు. బాస్ నవ్వలేదు. టీ కప్పు గోడకేసి కొట్టాడు. పెంకు ఎగిరి నా బుగ్గ కోసింది.

సిద్ధాంతం కోసం నాలుగు గోల్స్ తినడం పెద్ద లెక్కేం కాదు.

జనవరి 9

వాల్టర్ ఇంటి కిటికీలోంచి ఎవరో ఇటుక విసిరారు. నేను కాదు. బాగా అయిందనుకున్నాను. ఆ కిటికీ కిందే పిల్ల ఉయ్యాల ఉందని అమ్మ చెప్పింది. పిల్లకేం కాలేదట. అమ్మ ఆ తర్వాత నాకు చేత్తో వడ్డించలేదు, గిన్నె నా ముందుకి తోసింది.

ఫిబ్రవరి 2, శనివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి ఇందులో అబద్ధం కలుస్తుంది.

మంచు కరిగి నేల సబ్బులా ఉంది. వాళ్ల ఫార్వర్డ్ ఎద్దులాంటివాడు. మొదటి దెబ్బ వాడే కొట్టాడు, నా పై పెదవి చీలింది. తర్వాతి బంతికి నా బూటు మేకులు వాడి పిక్కలో దించాను. రక్తం మేజోడులోంచి బయటికొచ్చింది. వాల్టర్ కాలు బంతికి తగిలినప్పుడల్లా స్టాండు మొత్తం ద్రోహి, ద్రోహి అని అరిచింది. మా స్టాండే. మా వాళ్లే. నాకు ఒళ్లు పులకరించింది.

రెండో సగంలో ఒక పొడుగు బంతి మా నెత్తి మీదుగా వెళ్లింది. వాల్టర్ మా గోలువైపు పరుగెత్తాడు, మెడ వెనక్కి తిప్పి భుజం మీదుగా బంతినే చూస్తూ. ఎదురుగా బార్నీ గోలు వదిలి దూసుకొస్తున్నాడు. నాది, నాది అంటున్న నోరు నాకు కనబడింది. మాట వినబడలేదు. స్టాండు హోరులో ఎవరికీ వినబడదు. వాల్టర్ బార్నీని చూడలేదు.

నేను వాల్టర్ పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత. నా గొంతొక్కటే ఆయనకు వినబడుతుంది. వదిలెయ్. ఒక్క మాట. నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగించాను.

మరిచిపోలేదు. కళ్లు మూసుకుపోలేదు. బిగించాను.

వాల్టర్ కాలు విసిరాడు. బార్నీ పక్కకి వాలి జారుతూ వచ్చాడు. చప్పుడు. ఎండిన దుంగ విరిగినట్టు. స్టాండు నోరు ఒక్కసారిగా పడిపోయింది. మోకాలి కింద ఇంకో మోకాలు మొలిచినట్టు వాల్టర్ కాలు మడతపడి ఉంది. వాళ్ల ఎద్దు పక్కకి తిరిగి కక్కుకున్నాడు. బార్నీ లేచి నా గొంతు పట్టుకున్నాడు. నోట్లో ఏం పెట్టుకు చచ్చావురా, అన్నాడు. వాడి ఉమ్మి నా పెదవి గాయం మీద పడి మండింది.

వాల్టర్ కేక పెట్టలేదు. గడ్డి పీకి పిడికిట్లో బిగించి నన్నే చూశాడు. స్ట్రెచర్ వస్తే వద్దన్నాడు. లేపి నిలబెట్టండి, నడుస్తాను, అన్నాడు. లేపబోయారు. అప్పుడు స్పృహ తప్పాడు.

ఫిబ్రవరి 3, ఆదివారం

నాన్న నన్ను కొట్టాడు. నేను గడ్డం గీసుకోవడం మొదలెట్టాక ఇదే మొదటిసారి. కుర్చీతో సహా పడిపోయాను. చీలిన పెదవి మళ్లీ చీలింది.

నిన్న ఆయన గోలు వెనక స్టాండులోనే ఉన్నాడు. ఆ చప్పుడు విన్నాడు. పొద్దున్న టీ ముందు కూర్చుని అడిగాడు, నీకు కనబడిందా అని. కనబడింది, అన్నాను. అరిచావా, అన్నాడు. వాళ్లతో మాట్లాడకూడదని మీరే కదా, అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు.

నేను కింద ఉన్నాను. ఆయన పైన నిలబడి నెమ్మదిగా చెప్పాడు. క్లెమ్‌తో నేను చచ్చేదాకా మాట్లాడను. ఎదురైతే గోడవైపు తిరుగుతాను. వాడి పాడె వెళ్తున్నా టోపీ తియ్యను. కానీ గనిలో వాడి నెత్తి మీద పైకప్పు కదిలితే అరుస్తాను. శత్రువైనా అరుస్తాను, పోలీసోడైనా అరుస్తాను. అరిచి, వాడు తప్పుకున్నాక మళ్లీ గోడవైపు తిరుగుతాను. ఆ తేడా తెలియకుండా నీకు మా సమ్మె ఎవడిచ్చాడురా?

మరి అరవనివాణ్ణి మీరేమంటారు, అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. దానికి మా దగ్గర మాట లేదు, ఇంతవరకు దాని అవసరం పడలేదు, అన్నాడు.

కరపత్రాలన్నీ మళ్లీ తిరగేశాను. పైకప్పు గురించి ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 6

బార్నీ అంతా బాస్‌కి చెప్పాడు. బాస్ ఆసుపత్రికి వెళ్లి వాల్టర్‌ని అడిగాడు. గార్త్ అరిచాడు, గోలలో నాకే వినబడలేదు, అన్నాడట వాల్టర్. కెప్టెన్ మాట ముందు బార్నీ మాట నిలవలేదు. బాస్ నా భుజం తట్టి కెప్టెన్ పట్టీ నా చేతికి కట్టాడు. స్నానాల గదిలోకి పోయాను. అద్దాన్ని గుద్దాను. పగిలింది. చెయ్యీ పగిలింది. అయినా సరిపోలేదు.

ఫిబ్రవరి 8

ఆసుపత్రి. వాల్టర్ కాలు ఇనుప చట్రంలో ఉంది, ఎముకలోకి మేకులు దిగి ఉన్నాయి. పక్కన క్లెమ్. ముక్కు వంకర, నా పనే. నన్ను చూసి లేచాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. పక్కకి తప్పుకుని కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

నేను అరవలేదు, అన్నాను వాల్టర్‌తో. రెండు నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట. మీరు ఎందుకు అబద్ధం చెప్పారు, అన్నాను.

ఆయన నర్సుని పిలిచాడు. ఆ తెర కొంచెం లాగమ్మా, చలిగాలి వస్తోంది, అన్నాడు.

మార్చి 5, మంగళవారం

సమ్మె ఓడిపోయింది. బ్యాండు, జెండా, అందరూ కలిసి నడుచుకుంటూ గేటులోకి వెళ్లారు. అమ్మ ఏడ్చింది. నేను జెండా కర్ర మోస్తానంటే నాన్న ఇవ్వలేదు. ఇది గనివాళ్లది, అన్నాడు.

మార్చి 14, గురువారం

నాన్నని క్లెమ్ ఉన్న షిఫ్టులోనే వేశారు. సాయంత్రం నల్లటి మొహంతో ఇంటికొచ్చాడు. క్లెమ్ కనబడ్డాడా, అన్నాను. లేదు, అన్నాడు. బూట్లు విప్పి, చాలాసేపు చన్నీళ్లలో చేతులు పెట్టుకుని, వాడి పక్కన పైకప్పు మోసే దుంగ కుంగింది, అరిచి చెప్పాను, అన్నాడు. వాడు తప్పుకున్నాక మళ్లీ నాకు కనబడలేదు, అన్నాడు.

మార్చి 23, శనివారం

వాల్టర్ వచ్చాడు. చంకల్లో కర్రలు, మా గోలు వెనక, గోడ పక్కన కంచె దగ్గర.

బంతి గాల్లో ఉంది. నేను తలతో లేవబోయాను. వెనక నుంచి గొంతు. వదిలెయ్, గార్త్. వదిలేశాను. వాళ్ల ఫార్వర్డ్ బూటు నా తల ఉండాల్సిన చోట గాలిని కోసుకుంటూ పోయింది. బార్నీ బంతి పట్టుకున్నాడు.

ఆట అయ్యాక కంచె దగ్గరకు వెళ్లాను. ఆయన కర్రలు మెల్లగా జరుపుకుంటూ, గోడవైపు తిరిగాడు.