నాయన హాజరు పట్టీ

ఉరవకొండ,
ఆదివారం.

అమ్మకు మారుతి నమస్కారాలు. ఇక్కడ నేనూ, చెల్లెలు గౌతమీ క్షేమమే. అక్కడ ఆసుపత్రిలో నాయనకు ఆయాసం కాస్తయినా తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా?

ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. నువ్వు ఎప్పుడూ స్పీకరు పెట్టి నాయన చెవి దగ్గర ఉంచుతావు. ఇది ఆయన వినకూడదు. అందుకే బెంగుళూరు వస్తున్న లక్ష్మక్క చేతికిచ్చి పంపుతున్నాను.

వాన సంగతి అడిగావు. లేదు. వేరుశనగ మొలిచినచోటే మాడిపోయింది. గౌతమి కాలేజీకి పోతోంది, వంట మాత్రం నా నెత్తిన వేసింది మహాతల్లి.

"రాళ్ళ ఫ్యాక్టరీ కంప్యూటరు తెరిచినావా?" అని కూడా అడిగావు కదా. నాయన పదకొండేళ్ళు ఆ దుమ్ములో రాయి కోస్తే, జబ్బుకు పరిహారం అడిగేసరికి "ఆయప్ప మా తావ పనే చేయలేదు" అన్నాడు యజమాని. విచారణాధికారి గద్దిస్తే పాత హార్డ్ డిస్కు ఒకటి ఇచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణని పరిహారం అడుగుతున్న నలభైమంది కార్మికులూ ఆ పని నాకే అప్పగించారు. అందులో పాత ఆఫీసు కంప్యూటరు మొత్తం ఒక్క ఫైలుగా ఉంది. వర్చువల్ మెషిన్ డిస్క్ ఇమేజ్ అంటారు. పెట్టెలో పెట్టె అనుకో. దాన్ని తెరవడానికి నేనే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను.

మంగళవారం తెరుచుకుందమ్మా! హాజరు పట్టీలో నాయన పేరు "కుళ్ళాయప్ప, కోత మిషను" అని పదకొండేళ్ళూ ఉంది. నాయనతో పనిచేసిన కరీం సాబ్ పక్కనే ఉన్నాడు. చదువు రాదు కదా, "నా పేరు యాడుండాదో సూడప్పా" అన్నాడు.

ఆ సంతోషంలో, ఆయన పేరూ వెతుకుదామని, తెరిచినదాన్ని మూయకుండానే స్క్రిప్టు మళ్ళీ నడిపాను. మార్పులు రాసే వీలుతో ఒకే డిస్కును ఒకేసారి రెండుచోట్ల తెరిస్తే లోపలిదంతా కలగాపులగమైపోతుంది. "చదవడానికి మాత్రమే" అని స్క్రిప్టులో పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ముందు నకలు తీయాలి. అందరికీ చెప్పే నేనే, నాయన పేరు కోసం ఆగలేకపోయాను. ఇప్పుడు అందులో ఒక్క పేరూ లేదు. యజమాని దగ్గర ఇంకో నకలు లేదట. ఉన్నా ఇస్తాడా?

డిస్కు పాతదై చచ్చిందని అందరికీ చెప్పాను. అబద్ధం. కరీం సాబ్, "నువ్వేం జేస్తావులేప్పా, మన రాత అట్లుండాది" అని నాకే టీ తాగించాడు. ఆయనా నాయనలాగే దగ్గుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

రేపు విచారణలో నిజం చెబుతాను. నలభైమంది తిట్టినా పడతాను. కానీ కొడుకు చూశానంటే సాక్ష్యం కిందికి రాదట.

"ఆడ నా పేరుండాదా?" అని నాయన అడిగితే, మారుతి కళ్ళారా చూసినాడని చెప్పు. అంతవరకూ నిజమే.

ఇట్లు,
నీ తొందరపాటు కొడుకు,
మారుతి