సుత్తి జోలికి వెళ్ళకండి

ఏమండీ,

వార్డులో పొద్దుటి డ్యూటీ ఉంది, మిమ్మల్ని లేపకుండా వెళ్తున్నాను. ట్రాక్టర్‌కి ముందు మట్టి ఎత్తే ఆ లోడర్ తగిలించే ముందు ఇది చదవండి.

నిన్న దాని నూనె గొట్టం ట్రాక్టర్‌కి ఎక్కలేదని సుత్తితో కొట్టారట. అడ్డుపడుతున్నది మీరనుకున్నట్టు తుప్పు కాదు, గొట్టం లోపల చిక్కుకున్న ప్రెషర్ అని పక్క పొలం హారిస్ చెప్పాడు. ‘నేను చెబితే డాక్టరు వినడు మిస్సెస్, మీరే చెప్పండి’ అని నవ్వాడు కూడా.

ఇంజన్ ఆపేసి, లోడర్‌ని ఎత్తి దించే లీవర్‌ని ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు ఆడించండి. ప్రెషర్ దిగితే గొట్టం చేత్తోనే ఎక్కుతుంది. అప్పటికీ మొండికేస్తే ఇక ముట్టుకోకండి, హారిస్‌ని పిలవండి. ఆ నూనె చిమ్మితే సూదిలా చర్మంలోకి దిగిపోతుందట. సోమవారం ఆ వేళ్ళతోనే కదా మీరు ఆపరేషన్లు చేయాలి!

కుక్కర్ ఆవిరి పోకుండానే మూత లాగి, సీలింగుకి పప్పు అంటించిన మనిషి మీరు. ఆ మరక ఇంకా పోలేదు. అందుకే ఇంతగా చెప్తున్నాను.

సుభద్ర

మరిచాను, పొయ్యి మీద కుక్కర్లో పప్పుంది. దాని ఆవిరి నేనే తీసేశాను, భయం లేదు. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు. సాయంత్రం నేనొచ్చేసరికి కాఫీ కలిపి, పది వేళ్ళూ చూపించండి.