సవర బొమ్మల కుర్తీ

2016 ఆగస్టు, శనివారం రాత్రి

కొత్త కుర్తీ ఈవేళ కాలేజీకి వేసుకెళ్లాను. కింద అంచు చుట్టూ చేతులు పట్టుకుని ఆడుతున్న సవర బొమ్మలు. అద్దంలో చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీ సుగుణది. తను సీతంపేట కొండల్లోని సవర గిరిజనుల ఇంటి పిల్ల. నేను కూర్చోగానే నా కుర్తీ అంచుకేసి అదోలా చూసింది.

"ఏటే, నేను వేసుకోకూడదా?" అన్నాను.

"ఏసుకోవచ్చే. పోయిన పెద్దోల్ల కోసం మా ఇంటి గోడ మీద గీస్తాం ఈ బొమ్మలు. నువ్వేమో ఆల్ల మీదే కూసున్నావు."

చటుక్కున లేచాను. బెల్లు కొట్టేదాకా మళ్లీ కూర్చోలేదు.

సాయంత్రం ఇద్దరం టైలర్ దగ్గరికి వెళ్లి, అంచు విప్పించి భుజాల మీదికి వేయించాం.

"ఇప్పుడు మాయమ్మ సూసిందంటే నీ బుజానికి దండం ఎట్టేస్తాది," అని సుగుణ ఒకటే నవ్వు. నా మనసు తేలికపడింది.

నాకైతే చెప్పడానికి సుగుణ ఉంది. ఈ కుర్తీ కొన్న షాపులో అవే బొమ్మలతో సోఫా కవర్లు కూడా అమ్ముతున్నారు. ఆ బొమ్మలు వేసేముందు సవరల్లో ఎవరినైనా అడిగారో లేదో...

రోజూ విప్పిన బట్టలు కుర్చీ మీద పడేస్తాను. ఈ కుర్తీని మాత్రం గోడ మేకుకి తగిలించాను.