కొట్టేసిన నలభై పేజీలు

1957 మార్చి 4, మాస్కో

కల్నల్ లప్షిన్ వచ్చాడు. మిలిటరీ అకాడమీలో ఒకప్పుడు నాన్న దగ్గర చదువుకున్నాడట. నాన్న పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తారట. నాన్న దగ్గరుండిన సొంత కాపీ కావాలి. ముందుమాటకి ఆయన జీవితం నాలుగు పేజీల్లో నేను రాసివ్వాలి.

నాలుగు పేజీలెందుకు? గ్లేబ్ తుమానిన్. జార్ సైన్యంలో ఆఫీసరు. తర్వాత ఎర్రసైన్యానికి యుద్ధవ్యూహం నేర్పిన పంతులు. యుద్ధం ఒక్క దెబ్బతో తేలదు, ఏళ్ళ తరబడి సాగుతుంది, వెనక్కి తగ్గడం కూడా ముందే నేర్చుకోవాలి అని రాశాడు. పిరికివాడన్నారు. ముప్ఫై ఎనిమిదిలో పట్టుకెళ్ళారు. నిరుడు సర్కారు నుంచి కాగితం వచ్చింది: నేరమేమీ లేదు. మనిషీ లేడు.

నలభై ఒకటిలో జర్మన్లు మీద పడ్డప్పుడు మీ నాన్నగారి మాట విని ఉంటే, క్సేనియా గ్లేబోవ్నా, పరుగెత్తడమైనా పద్ధతిగా పరుగెత్తేవాళ్ళం అని నవ్వాడు లప్షిన్. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో.

మార్చి 6

లప్షిన్‌కి ఇచ్చేముందు నాన్న కాపీ తెరిచాను. నాలుగో అధ్యాయం. వెనక్కి తగ్గడం గురించి రాసిన నలభై పేజీలూ పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. మార్జిన్‌లో ఒక వాక్యం, అప్పట్లో పైవాళ్ళు పలికించిన మాటే. పొరబడ్డాను, శత్రువును వాడి నేల మీదే కొట్టాలి.

మీటింగులో తప్పు ఒప్పుకోమంటే అందరూ ఒప్పుకున్నారు, నాన్నా ఒప్పుకున్నాడు. అది వేరు. తన గదిలో, తన పుస్తకంలో, ఎవరి కోసం అబద్ధం రాసుకుంటాడు?

మార్చి 7

మళ్ళీ చూశాను. నాన్న రాతే.

మార్చి 11

లప్షిన్‌కి ఫోన్ చేసి చెప్పాను. రచయిత చివరిసారి దిద్దినదే అచ్చు వెయ్యాలని రూలట. ఆ అధ్యాయం తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ, బండ్లూ గుర్రాలూ బూట్లూ తప్ప అని విసుక్కున్నాడు.

మార్చి 13, సాయంత్రం

అమ్మనడిగాను. బంగాళాదుంపల తొక్క తీస్తూ, తలెత్తకుండా, నేనే కొట్టేశానే అంది.

ముప్ఫై ఏడులో అరెస్టుల భయంతో మా మేడలో ప్రతి వాటావాళ్ళూ పుస్తకాలు పొయ్యిలో పెట్టారట. అమ్మకి మనసొప్పలేదు. సోదాకొచ్చినవాళ్ళు చూస్తే, పోనీలే, బుద్ధి తెచ్చుకున్నాడు అనుకుంటారని ఇలా చేసిందట. పద్దెనిమిదేళ్ళు ఆయన రాతప్రతులన్నీ సాపు చేసిన చెయ్యే ఇది, ఆయన రాత రాదనుకున్నావా అంది.

నాన్న చూశాడా? చూశాడు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పెన్సిల్ చెక్కి ఆమె చేతికిచ్చాడు.

అంటే? ఏమో, క్సూషా, నేనడగలేదు అంది.

మార్చి 14

పెన్సిల్ చెక్కిచ్చాడంటే ఒప్పుకున్నట్టా? ఎగతాళా?

ఆ వాక్యం రాసి చూపించమన్నాను అమ్మని. రాసింది. పోలికే లేదు. డెబ్భై రెండేళ్ళ చెయ్యి మరి. లేక, ఆ నలభై పేజీలు బతికించడానికి ముసలమ్మ కథ చెబుతోందా?

మార్చి 19

లప్షిన్‌కి అమ్మ మాట చెప్పాను. అచ్చు వేసే కమిటీకి, తనే కొట్టేశానని అమ్మ సంతకంతో వాంగ్మూలం కావాలట. అమ్మ ససేమిరా అంది. సోదావాళ్ళని మోసం చేశానని నా చేత్తో నేనే రాసివ్వాలా, చదువెక్కువై మతి పోయింది నీకు అంది.

కళ్ళారా చూసినవాళ్ళెవరు సంతకం పెట్టినా చాలు, కూతురైనా సరే అన్నాడు లప్షిన్, కిటికీ వైపు చూస్తూ.

కాలేజీలో చరిత్ర చెబుతాను నేను. ఆధారం లేని మాట రాస్తే పిల్లల మార్కులు కోసేస్తాను. ఆ ముప్ఫై ఏడంతా ఇంటికి దూరంగా కజాన్‌లో ఉన్నాను.

మార్చి 21

అమ్మ కొట్టేస్తుంటే చూశానని రాసి సంతకం పెట్టాను. అధ్యాయం అచ్చుకి వెళ్ళింది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ నా మొహంలోకి అదోలా చూసి, అయితే నువ్వు చూశావా, కొట్టేసింది నిజంగా నేనేనా అంది.