రేపటి బొమ్మలు

బావా,

రేపు నీ సంవత్సరీకం. మన గౌరిని నౌపడలో మా అక్క ఇంటికి పంపేద్దామనుకున్నాను, నీ దినాలకి పంపినట్టే. జనాన్ని చూసి చెవులు మూసుకుని కేకలు వేస్తే చుట్టాల ముందు నాకు నామోషీ.

సెలవు అడగడానికి బడికి వెళ్తే టీచరమ్మ ఒప్పుకోలేదు. "పంపకండమ్మా. రేపు ఏటేటి జరుగుతాదో బొమ్మలేసి ముందే సెప్పండి. పరీక్షల గది మారినప్పుడు అలాగే సెప్పాం, కుదురుగా కూసుంది," అంది.

సాయంత్రం గౌరి పక్కన కూర్చుని వేశాను. పంతులుగారు, వరండా నిండా చెప్పులు, వరసగా విస్తళ్లు. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి చూసింది. కేకలు వేయలేదు.

"నాన్న ఏ విస్తరి కాడ కూసుంటాడు?" అని అడిగింది.

నువ్వు ఊరెళ్లావని దానికి చెప్పింది నేనే. బస్సు మారినా, యూనిఫాం మారినా ముందే చెప్పాను. ఈ ఒక్కటే చెప్పలేదు.

నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, చివరి విస్తరి ముందు నిన్ను వేసింది. కళ్లజోడు కూడా పెట్టింది.

"నాన్నకి మజ్జిగ నానే పోస్తాను," అంది.

రబ్బరు పక్కనే ఉంది. చెరపడానికి నాకు చెయ్యి రాలేదు.